ఖాళీ గూళ్ల లెక్క

ఫిబ్రవరి 6

ఈ నోటుబుక్కు ల్యాబులో ఈగల లెక్కల కోసం ఇచ్చింది. స్టోరులో ఇంకా పదిహేను పడి ఉన్నాయి కదా అని ఒకటి సంచిలో వేసుకొచ్చేశాను. ఈగలేం గొడవ చేయవు.

అక్కకి మళ్లీ లేచింది. ఆ మాట ఎక్కడో ఒకచోట రాసుకోవాలి, అందుకే ఈ పుస్తకం. పోయిన ఏడాది పెద్దపేగులో గడ్డని కోసి తీసేస్తే పీడ విరగడైందనుకున్నాం. ఇప్పుడు కాలేయంలో మూడు చోట్ల ఉందట. బావ ఫోన్లో ఆ సంగతి చెప్తూ చెప్తూ, మధ్యలో ఆగి, "వంటయిందా?" అని అడిగాడు. అయింది బావా అన్నాను. ఇద్దరం కాసేపు వంట గురించే మాట్లాడుకున్నాం.

ల్యాబులో మామూలే. పొద్దున రెండు పెద్ద గిన్నెల తిండి వండాను. మొక్కజొన్న పిండి ఉండ కట్టకుండా కలపడం ఇంకెవరికీ చేతకాదు, ఇది గొప్ప కాదు, నిజం. కొత్త సీసాలు వచ్చాయి, పద్నాలుగో నంబరు మనిషివి. ఎవరో పాపం.

ఫిబ్రవరి 9

అక్క మంచం మీద దిళ్లకి ఆనుకుని ప్రూఫులు దిద్దుతోంది. ముప్ఫై ఏళ్లుగా అదే పని, అచ్చుకి వెళ్లబోయే పుస్తకాల్లో తప్పులు పట్టడం. ఈసారి బడిపిల్లల భూగోళం.

"నా జబ్బు కంటే వీళ్ల నదుల పేజీ ఘోరంగా ఉందే చిట్టీ" అంది నన్ను చూడగానే. "మీ ఈగలెలా ఉన్నాయి?"

"నీకంటే నయం. వేళకి తింటున్నాయి."

"నీలాంటి తల్లి దొరికితే ఎందుకు తినవు?"

ఈగలు తోలుకునే ఉద్యోగం అని నా మీద పందొమ్మిదేళ్లుగా ఇంట్లో నడుస్తున్న జోకు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఈగల తల్లినని ఇంకో జోకు. రెండూ అక్క కనిపెట్టినవే. ఎవరైనా బయటివాళ్లు అంటే మాత్రం వాళ్ల పని అయిపోయినట్టే. అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు, దానికి పదహారు. అప్పటినుంచీ నా మీద ఈగ వాలనివ్వలేదు.

బావ పళ్లు కోసి పట్టుకొచ్చి, "ఏంటి మరదలా, మా ఆవిడకి కూడా ఈగలున్నాయట, తెలుసా?" అన్నాడు.

"అవునే, చెప్పడం మర్చిపోయా" అంది అక్క. "ఆపరేషనప్పుడు సంతకం పెట్టించుకున్నారు చూడు. నా గడ్డ ముక్క పట్టుకెళ్లి, దాంట్లో ఉన్న తప్పులన్నీ ఈగల్లో పెట్టారట. తయారయ్యాయని డాక్టరు మొన్న చెప్పాడు."

"అరటిపండు మీద మూగే ఈగా? దానికీ మనిషికీ పోలికేంటి?" అన్నాడు బావ.

ఈ పాఠం నాకు కంఠతా వచ్చు. మనిషికి జబ్బు తెచ్చే జన్యువుల్లో నూటికి డెబ్బై దాకా ఈగలోనూ ఉంటాయి బావా, దానికీ పేగు ఉంది, ఆ పేగులో అక్క గడ్డలోని తప్పులే పెడితే దానికీ గడ్డ లేస్తుంది. అప్పుడు తిండిలో ఒక్కో మందూ కలిపి చూస్తారు. ఏ మందూ లేకపోతే పురుగు గూడు కట్టుకుంటుంది కానీ అందులోనే చచ్చిపోతుంది. సరైన మందు పడితే గూడు మూత తోసుకుని రెక్కలతో బయటికొస్తుంది. మనిషి మీద ఒక్కో మందూ పరీక్షించి చూడ్డానికి ఏళ్లు పడుతుంది, ఈగకి రెండు వారాలు చాలు.

"అంటే నా బదులు అవి మందులు మింగుతాయన్నమాట" అంది అక్క. "నాకు నంబరు కూడా ఇచ్చారే. పద్నాలుగు. బళ్లోనూ నాది పద్నాలుగే, గుర్తుందా? కొంపదీసి మీ దగ్గరేనా?"

"కాదు" అన్నాను. "మా దగ్గర కాదు. అలాంటివి వేరేచోట చేస్తారు."

అంత అబద్ధం అంత తొందరగా నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. పళ్ల ముక్క గొంతులో అడ్డం పడితే బావ నీళ్లిచ్చాడు.

ఫిబ్రవరి 10

ల్యాబు మేడంకి చెప్పాలి. రేపు చెప్తాను.

ఫిబ్రవరి 11

మేడం ఇవాళ తీరిగ్గానే ఉంది. అయినా చెప్పలేదు.

రూలు తలుపు మీదే అంటించి ఉంది. మనవాళ్ల ఈగలని మనం ముట్టుకోకూడదు. పేషెంట్లలో చుట్టాలెవరైనా ఉంటే ముందే చెప్పాలి. ఆ కాగితం అంటించింది నేనే. అప్పుడు టేపు వంకరగా వచ్చిందని పీకి మళ్లీ అంటించాను కూడా.

చెప్తే ఏమవుతుంది? పద్నాలుగుని నా దగ్గర్నుంచి తీసేస్తారు. ఎవరికిస్తారు? కళ్లజోడు పిల్లకి. ఆ ఈగలని తయారుచేసిన పిల్ల అదే, పరిశోధన దానిదే, తెలివైనదే, కాదనను. కానీ దాని చెయ్యి వణుకుతుంది. బ్రష్షుతో పురుగుని ఎత్తితే నాలుగింట ఒకటి చితుకుతుంది. అక్క పురుగుల్ని దాని చేతిలో పెట్టనా?

అందుకే చెప్పలేదు. ఇది అక్క మంచికే.

ఫిబ్రవరి 13

మందుల రోజు. నేను తిండి వండి దించాను. మందు వేడిలో పడితే చెడిపోతుంది, అందుకని గిన్నె పక్కకి మణికట్టు ఆనించి, అరవై లెక్కపెట్టేదాకా చెయ్యి తీయకుండా ఉండగలిగితేనే కలపనిస్తాను. థర్మామీటరు ఉంది. కళ్లజోడు దాన్ని చూస్తుంది, నేను మణికట్టు చూస్తాను, ఇప్పటిదాకా తేడా రాలేదు.

కలిపేది మాత్రం కళ్లజోడే, లోపలి గదిలో, తలుపేసుకుని. ఏ మందు ఏ రంగు చుక్కో లెక్కపెట్టేవాళ్లకి తెలియకూడదు. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, తెలుపు. తెలుపంటే ఉత్త తిండి, మందు లేదు. ఒక్కో రంగుకి నాలుగు సీసాలు, సీసాకి పాతిక పురుగులు. మామూలుగా ఇదంతా మూడుసార్లు చేస్తాం. ఈ మనిషికి అంత వ్యవధి లేదని డాక్టరు చెప్పాడట, ఈసారి ఒక్కసారితోనే సరి.

"ఈ మనిషికి అంత వ్యవధి లేదట ఆంటీ" అని కళ్లజోడు నాతో అంటుంటే నేను సీసాలు తుడుస్తున్నాను. తుడిచిందే తుడిచాను.

తలుపేసుకుని కలిపితే ఏం లాభం? గిన్నెలు కడిగేది నేను. ఎర్ర చుక్క గిన్నె అడుగున నారింజ రంగు అంటుకుని ఉంది. నారింజ రంగు పొడి ఫ్రిజ్‌లో ఒకటే ఉంది, దాని పేరు నాకు తెలుసు. అక్క వాళ్ల డాక్టరు పోయిన వారం చీటీ మీద రాసి చూపించిన పేరు అదే. "నాకైతే దీనిమీదే నమ్మకం, ఇంట్లోనే మాత్రలు మింగొచ్చు, జుట్టు ఊడదు" అన్నాడట. అక్క ఆ చీటీని భూగోళం పుస్తకంలో పెట్టుకుంది.

గిన్నె కడిగేశాను. చూడనట్టే.

ఫిబ్రవరి 14

అయిదొందల పురుగులు. నువ్వుగింజంత కూడా ఉండవు. ఒక్కటి కూడా చితకలేదు. మెడ పట్టేసింది.

ఫిబ్రవరి 18

అక్క రెండు కిలోలు తగ్గింది. "పెళ్లప్పటి జాకెట్టు పడుతోందే" అని వేసుకుని చూపించింది. బావ నవ్వలేదు. నేను నవ్వాను, ఎవరో ఒకరు నవ్వాలి కదా.

ఫిబ్రవరి 20

గూళ్లు కట్టుకుంటున్నాయి. సీసా గోడల మీద బారులు బారులుగా, గోధుమ రంగులో. తల్లీ, రండమ్మా బయటికి.

ఫిబ్రవరి 24

మొదటి ఈగ. నీలంలో. రెక్కలు ఇంకా ముడతలు విప్పుకోలేదు, అలాగే గోడ మీద నిలబడి వణుకుతోంది. పందొమ్మిదేళ్లలో లక్షల ఈగల్ని చూసి ఉంటాను. దీన్ని చూసి దణ్ణం పెట్టాను. నిజంగానే, రెండు చేతులూ ఎత్తి. ఎవరూ చూడలేదు.

ఫిబ్రవరి 26

నీలం పందొమ్మిది. పసుపు పది. ఆకుపచ్చ ఏడు. తెలుపు రెండు. ఎరుపు ఎనిమిది.

ఎరుపు మెల్లిగా వస్తున్నట్టుంది. కొన్ని మందులంతే.

ఫిబ్రవరి 27

ఎరుపులో చాలా గూళ్లకి మూత లేచింది. తల బయటికొచ్చింది, ఒకదానికి ముందరి కాళ్లు కూడా వచ్చాయి. పూర్తిగా వచ్చినవి కావు, కానీ ఇంత దాకా వచ్చిందంటే మందు పనిచేసినట్టేగా? చచ్చినవి గూట్లో ముడుచుకుని నల్లగా ఉంటాయి. ఇవి అలా లేవు. ఇవి బయల్దేరాయి.

బయల్దేరినవి కూడా కలిపాను. ఎరుపు ఇరవై నాలుగు.

ఫిబ్రవరి 28

చివరి లెక్క. నూటికి తెలుపు 3, ఆకుపచ్చ 8, పసుపు 14, నీలం 27, ఎరుపు 31.

కళ్లజోడు రంగుల చీటీ విప్పి చూసి ఎగిరి గంతేసింది. "ఆంటీ! డాక్టరు అనుకున్న మందే!" అని నన్ను కావలించుకుంది. మేడం కూడా తలూపింది. మార్చి నాలుగున డాక్టర్ల మీటింగులో చెప్తారట. అయిదో తారీకు నుంచి అక్క మాత్రలు మొదలుపెట్టొచ్చు.

ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. చాలా రోజులైంది అలా తిని.

మార్చి 1

అక్క దగ్గరికెళ్లాను. ఏమీ చెప్పలేదు, కానీ నా మొహం చూసి, "లాటరీ తగిలిందా?" అంది.

భూగోళం ఆఖరి ప్రూఫు దిద్దుతోంది. పేజీని కిందినుంచి పైకి చదువుతోంది. ఆఖరి వరస మీద అట్టముక్క పెట్టి, ఒక్కో అక్షరాన్నీ పెన్సిలుతో తాకుతూ, ఒక వరస అయ్యాక పైవరస.

"అలా తలకిందులుగా చదివితే ఏం అర్థమవుతుందే?" అన్నాను.

"అర్థం కాకూడదనే. పైనుంచి చదివితే కథ లాక్కుపోతుంది చిట్టీ. అక్కడ ఏముండాలో కన్ను ముందే చదివేసుకుంటుంది, ఏముందో చూడదు. నాకు బాగా ఇష్టమైన రచయితల పుస్తకాల్లోనే ఎక్కువ తప్పులు వదిలేశాను తెలుసా? ఇష్టం లేనివాళ్లవైతే కామా కూడా తప్పించుకోదు."

పెన్సిలు కిందపడితే వంగి తీసుకోలేకపోయింది. నేను తీసిచ్చాను. దాని మణికట్టు ఎముక బయటికి కనబడుతోంది.

ఏదో పనుందని లేచి వచ్చేశాను. ఏ పనీ లేదు.

మార్చి 2

లెక్క అయిపోయిన సీసాల్ని ఆవిరి మిషన్‌లో పెట్టి కడిగేయడం నా పనే. ఇరవై సీసాలు, పద్నాలుగో నంబరువి, ఫ్రీజర్లో ఉన్నాయి. కడిగేస్తే ఇంకెవరూ చూడలేరు. ట్రే ఎత్తుకుని మిషన్ దాకా వెళ్లాను. మూత తీశాను.

గోడకి అంటుకున్న గూళ్లు ఎక్కడికీ పోవు. ఈగ బతికి బయటికెళ్తే గూడు ఖాళీగా, పల్చగా, కాగితంలా మిగులుతుంది. చస్తే గూట్లోనే ఉంటుంది. ఈ సంగతి కొత్తగా వచ్చే ప్రతివాళ్లకీ మొదటిరోజు నేనే చెప్తాను. ఇక్కడ ఖాళీగా ఉంటేనే సంతోషించాలమ్మా అని చెప్తాను.

ఎర్ర సీసాలు తీసుకొచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. అడుగునుంచి పైకి లెక్కపెట్టాను, ఖాళీవి మాత్రమే.

పదకొండు.

మళ్లీ పెట్టాను. పదకొండు. తల బయటపెట్టి ఆగిపోయినవి ఇరవై. బయల్దేరినవి. బయల్దేరి చచ్చిపోయినవి.

ఆ రోజు పురుగుల్ని ఏరేటప్పుడు ఎర్ర సీసాల్లోకి లావువి వేశానా? వేయలేదనే అనుకుంటున్నాను. గుర్తులేదు.

ట్రే మళ్లీ ఫ్రీజర్లో పెట్టాను. రేపు చెప్తాను అని రాయబోయి ఆగాను. ఈ మాట ఈ పుస్తకంలో ఇదివరకే ఉంది.

మార్చి 3

చెప్పాను.

మేడం పెన్ను మూత పెట్టి, దాన్ని బల్ల మీద సరిగ్గా కాగితం అంచు పక్కన పెట్టింది. కోపమొస్తే అలాగే చేస్తుంది.

"పద్నాలుగు మీ అక్కా?"

"మా అక్కే మేడం."

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ."

"ఎరుపు ఏ మందో కూడా తెలుసా?"

"గిన్నె కడిగాను మేడం."

"ఇంకెవరికి తెలుసు ఇదంతా?"

"మీకూ నాకూ. ఈగలకి."

"జోకులొద్దు" అంది. నేను జోకు వేయలేదు. భయమేస్తే నా నోరు అలాగే మాట్లాడుతుంది.

"చెప్పకపోతే ఎల్లుండి ఆ డాక్టరు ఆవిడకి ఆ మాత్ర మొదలుపెట్టేవాడు. అది పనిచేయడం లేదని తెలిసేసరికి మూడు నెలలయ్యేది. ఈలోగా ఆవిడ..." మేడం ఆగిపోయింది. తర్వాత మాట నాకు తెలుసు కాబట్టి తలొంచుకున్నాను.

ఆ నీలాన్నే రాసి ఇచ్చేయొచ్చు కదా మేడం, అది నేను సరిగ్గానే లెక్కపెట్టాను అన్నాను. ఒప్పుకోలేదు. "తెలిసిన చెయ్యి పడ్డ సీసాలు చెల్లవు. మొత్తం మళ్లీ చేయాలి. మూడు వారాలు." మూడు వారాలంటే అక్కకి ఎంతో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

నా ముందే డాక్టరుకి ఫోన్ చేసింది. "మా వైపు పొరపాటు జరిగింది, మీ పేషెంటుకి నా క్షమాపణ చెప్పండి" అంది. మా వైపు. నా పేరు చెప్పలేదు. పై కమిటీకి ఉత్తరం మాత్రం రాస్తానంది, రాయాలి కూడా.

బయటికి వస్తుంటే, "తిండి ఎవరు వండుతారు?" అని వెనకనుంచి అడిగింది.

"నేనే మేడం, మీరు వద్దంటే తప్ప."

"ఉండలు కట్టకుండా చూడు" అంది.

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నన్ను పొమ్మననందుకు. నేను చేసిందానికి కాదు, దానికి ఇంకా ఏడవలేదు.

మార్చి 5

కళ్లజోడు నాతో మాట్లాడటం లేదు. గిన్నెలు తనే కడుగుతోంది. ఈసారి రంగులు కూడా లేవు, అంకెలే. మంచి పని.

మార్చి 7

తిండి వండాను. రెండుసార్లు వడకట్టాను. మణికట్టు ఆనించి అరవై కాదు, వంద లెక్కపెట్టాను.

మార్చి 12

అక్కని ఆసుపత్రిలో చేర్చారు. నీరసమట, ఏమీ దిగడంలేదట. "మందు ఎందుకు ఆలస్యమయిందే, మీటింగు నాలుగునే అన్నారు కదా?" అని బావ నన్ను అడిగాడు. ఈగల పని కదా బావా, ఒక్కోసారి మళ్లీ చేయాల్సొస్తుంది అన్నాను.

"మంచిదే" అంది అక్క కళ్లు మూసుకునే. "నేనూ రెండో ప్రూఫు చూడకుండా ఏదీ పంపను."

కాళ్లు పిసుకుతూ కూర్చున్నాను. నా చిన్నప్పుడు జ్వరమొస్తే అది నాకు పిసికేది, పిసుకుతూ పాఠం అప్పజెప్పించుకునేది. అక్కకి చెప్పాలి. కొంచెం ఓపిక రానీ, చెప్తాను.

మార్చి 17

పురుగులు ఏరిన రోజు కళ్లజోడు ఎన్ని చితక్కొట్టిందో అని నా ప్రాణం పోయింది. ఇవాళ ఉండబట్టలేక దూరంనుంచి సీసాలు చూశాను. గూళ్లు బారులు బారులుగా కడుతున్నాయి. ఆ పిల్ల చెయ్యి వణుకుతుందని రాసింది నేనేనా? ఎంత పొగరు నాకు.

మార్చి 19

ఎవరూ ఏమీ చెప్పరు. చెప్పకూడదు.

మార్చి 23

అక్క ఇవాళ నాలుగు చెంచాల గంజి తాగింది.

మార్చి 25

మధ్యాహ్నం కళ్లజోడు వంటగది గుమ్మంలో నిలబడి, "ఆంటీ" అంది. ఇరవై రోజుల తర్వాత మొదటి మాట. "రండి, చీటీ విప్పుతున్నాం."

లెక్క తనొకసారి, మేడం ఒకసారి, ఒకరికి తెలియకుండా ఒకరు పెట్టారు. మూడో నంబరు, ముప్ఫై మూడు. ఇద్దరిదీ ముప్ఫై మూడే. నారింజ మాత్ర తొమ్మిది.

మూడో నంబరంటే మన నీలమే. కీళ్ల నొప్పులకి ఎప్పట్నుంచో వాడే పాత మందు ఒకటి, దానికి తోడు ఇంకో మందు. రెండూ విడివిడిగా వేస్తే దేనికీ పనికిరావట, కలిపితే ఈగలు లేచి తిరుగుతున్నాయి. ఎవరూ అనుకోలేదు. డాక్టరు అనుకోలేదు, మేడం అనుకోలేదు. నేనైతే నీలం వైపు చూడనే లేదు. మొదటి ఈగకి దణ్ణం పెట్టి మరీ మర్చిపోయాను.

కళ్లజోడు చెయ్యి పట్టుకున్నాను. వణుకుతూనే ఉంది. అలా వణికే చేత్తోనే అయిదొందల పురుగుల్ని ఏరింది మా అక్క కోసం, అక్కెవరో చూడకుండానే. నీకు ఈ జన్మంతా వండిపెడతానే తల్లీ అన్నాను. "ఈగల తిండా ఆంటీ?" అంది. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం.

మార్చి 29

మొదటిసారి మందు ఎక్కించారు. నాలుగు గంటలు పట్టింది. నెలకోసారి వెళ్లాలట. జుట్టు ఊడొచ్చట. "ఊడితే ఊడింది, దువ్వెన పని తప్పుతుంది" అంది అక్క.

ఏప్రిల్ 16

కమిటీ ఉత్తరం వచ్చింది. ఏడాది పాటు లెక్కల పని చేయకూడదు. తిండి, సీసాలు మార్చడం చేసుకోవచ్చు. సంతకం పెట్టి ఇచ్చాను. మేడం టీ తెప్పించింది.

మే 8

దోసెడు జుట్టు. వాంతులు. అయినా మొన్న భూగోళం అచ్చయి వస్తే తిరగేసి, పద్దెనిమిదో పేజీలో ఒక తప్పు పట్టుకుని ప్రెస్సువాడిని ఫోన్లో ఉతికి ఆరేసింది. తిట్టే ఓపిక వచ్చిందంటే మంచి గుర్తే.

జూన్ 11

స్కాన్ వచ్చింది. మూడింట్లో ఒకటి కనబడటం లేదు. మిగతా రెండూ సగానికి తగ్గాయి.

డాక్టరు చెప్పాడు, ఇది పోయినట్టు కాదు, తగ్గినట్టు, ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పలేం అని. బావ ఆ మాటలేవీ వినిపించుకోలేదు. కారిడార్లో గోడకి తల ఆనించి భుజాలు ఎగిసిపడేలా ఏడుస్తున్నాడు. పాతికేళ్లలో ఆయన ఏడవడం నేను చూడలేదు. ఏం మాట్లాడాలో తెలియక, "వంటయిందా బావా?" అన్నాను. ఏడుస్తూనే నవ్వాడు.

పద్నాలుగో నంబరు పెంపకం సీసాల్ని, పరీక్ష దాకా గడ్డ లేవనివ్వకుండా పెంచేవాటిని, ఇవాళ కొత్త తిండిలోకి మార్చాను. తెలిసిన మనిషి ముట్టుకోకూడదన్న రూలు పరీక్షప్పుడే, పెంచడానికి లేదు. ఒక్కో సీసాని బల్ల మీద తట్టి, ఈగల్ని కొత్తదాంట్లోకి దించి, దూదితో మూసేటప్పుడు చెప్పాను. మీ రుణం తీర్చుకోలేనమ్మా. వాటికి అర్థం కాదని తెలుసు. చెప్పకుండా ఉండలేకపోయాను.

జూన్ 14

అక్కకి చెప్పాను. అంతా. మా దగ్గర కాదని అబద్ధం చెప్పడం, నారింజ గిన్నె, ముప్ఫై ఒకటి, పదకొండు, ఆ మూడు వారాలు ఎవరివల్ల పోయాయో.

అక్క నెత్తిమీద గుడ్డ సర్దుకుంది. "ఇంటికెళ్లు చిట్టీ" అంది.

జూన్ 15

ఫోన్ ఎత్తలేదు.

జూన్ 16

ఎత్తలేదు.

జూన్ 17

బావ ఎత్తాడు. "పడుకుంది" అన్నాడు. పగలు పదకొండింటికి.

దానికి కోపం రావడం న్యాయమే. బతికుంది, కోపం తెచ్చుకోగలుగుతోంది. నాకు అది చాలు. చాలని రాస్తున్నాను కానీ అన్నం దిగడంలేదు.

జూన్ 19

పొద్దున తిండి దించుతుంటే గుమ్మంలో అలికిడైంది. తలెత్తి చూస్తే అక్క. వెనకాల బావ, చేతిలో అక్క అట్టముక్కా, పెన్సిలూ.

"ఎక్కడే నా ఈగలు?" అంది.

మేడం వచ్చింది. అక్క దణ్ణం పెట్టింది, మేడం కూడా పెట్టింది. కళ్లజోడు కుర్చీ తెచ్చి వేసి, తనెవరో చెప్పేలోపే అక్క దాని చెంప తట్టి, "నువ్వేనా ఏరింది?" అని అడిగింది. ఆ పిల్ల కళ్లజోడు తీసి తుడుచుకుంటూనే ఉంది.

"మొదటి లెక్క సీసాలు దాచారట కదా. చూపించండి" అంది అక్క.

ఫ్రీజర్లోంచి తెచ్చాను. ముందు ఎర్ర సీసా ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టి, తల బయటపెట్టి ఆగిపోయిన గూడు చూపించాను. అక్క కన్ను ఆనించి చాలాసేపు చూసింది.

"ఇదా నువ్వు బతికిందని రాసింది?"

"ఆ."

"చచ్చిపోయిందే ఇది."

"ఆ."

"గుడ్డిదాన్లా రాశావే." అప్పటికీ తల ఎత్తలేదు. "నన్ను చంపేదానివి."

"అవునక్కా."

"నాకు రెండు రోజులు నీ మొహం చూడబుద్ధి కాలేదు. మూడోరోజు నాకే తోచింది. నీ పుస్తకం ఎప్పుడైనా నేను దిద్దాల్సొస్తే ఎన్ని తప్పులు వదిలేస్తానో అని." అప్పుడు తలెత్తింది. "కోపం పోయిందనుకోకు. ఇంకా ఉంది. నీలం పెట్టు."

నాలుగు నీలం సీసాలూ పెట్టాను. అట్టముక్క సీసా వెనక ఆనించి, అడుగు వరస నుంచి మొదలుపెట్టింది. సీసా గోడని పెన్సిలు మొనతో బయటినుంచి ఒక్కొక్క గూడు దగ్గరా తాకుతూ, పెదాలు కదుపుతూ. మధ్యలో బావ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. అరగంట పైనే పట్టింది.  గిన్నెలో నా తిండి గట్టిపడిపోయింది.

"నువ్వెంత రాశావు?" అంది.

"ఇరవై ఏడు."

"ఒకటి వదిలేశావు."

చూపించింది. నాలుగో సీసాలో, పైన దూది బిరడా అంచుకి ఆనుకుని, ఒక్క గూడు. ఖాళీది. మూత తెరుచుకుని ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు ఎగిరిపోయిందో, నా కంట పడనే లేదు.

మేడం లెక్కల పుస్తకం తెరిచి ముందు పెట్టింది. నా 31 కొట్టేసి ఉంది, పక్కన 11, మేడం సంతకం. అక్క దాని కిందకి పెన్సిలు దించి, 27ని ఒక్క గీతతో కొట్టి, పక్కన 28 వేసి, ప్రూఫుల మీద ఎప్పుడూ పెట్టే చిన్న సంతకం పెట్టింది.

వాళ్లు వెళ్లాక నేను మళ్లీ లెక్కపెట్టాను, అడుగునుంచి పైకి. ఇరవై ఎనిమిదే.